సెక్రటరీ చేతిలో డైరీ అయినా పెట్టండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ముప్పై ఒక్క ఏళ్లు, ముగ్గురు ఎండీల దగ్గర ప్రైవేట్ సెక్రటరీగా పనిచేసి రిటైరయ్యాను. ఇన్నేళ్లలో పత్రికల్లో బాసు, సెక్రటరీ కార్టూన్లు ఎన్ని చూశానో లెక్కలేదు. ఆవిడ టేబుల్ అంచు మీదో, ఆయన ఒళ్లోనో కూర్చుని ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఆయన భార్య తలుపు తీస్తుంది. నేను మాత్రం సర్వీసంతా చేతుల్లేని కుర్చీలోనే కూర్చున్నాను. షార్ట్‌హ్యాండ్ రాసేటప్పుడు మోచెయ్యి తగలకూడదని నేనే అడిగి వేయించుకున్న కుర్చీ అది.

ఇప్పుడెందుకీ ఉత్తరం అంటే, మొన్న మా మేనకోడలు 'అత్తా, ఇందులో నువ్వున్నావు చూడు' అని ఒక జపాన్ బొమ్మల సిరీస్ పెట్టింది. పేరు 'అగ్రెట్సుకో'. హలో కిట్టీ బొమ్మ తెచ్చిన సాన్రియో కంపెనీ వాళ్ల పాత్రలే ఇవీనూ. నెట్‌ఫ్లిక్స్‌లో 2018 నుంచి 2023 వరకు ఐదు సీజన్లు వచ్చింది. టోక్యోలో ఒక ట్రేడింగ్ కంపెనీ, అందులో అకౌంట్స్ సెక్షన్‌లో పాతికేళ్ల రెట్సుకో. తను ఎర్ర పాండా. పగలంతా తలూపుతూ పనిచేస్తుంది, సాయంత్రం కరోకే గదిలో (మైకు పట్టుకుని మ్యూజిక్‌కి పాడుకునే గది) తలుపేసుకుని డెత్ మెటల్ అనే అరుపుల రాక్ పాటలతో గొంతు చించుకుంటుంది. ఆమె పై అధికారి పంది. ఆ పోలిక నాది కాదు, వాళ్లు గీసిందే.

నేనున్నానని మా పిల్ల అన్నది మాత్రం ప్రెసిడెంట్‌గారి సెక్రటరీ వాషిమి గురించి. ఆమెను సెక్రటరీ బర్డ్‌గా గీశారు. నిజంగానే ఆ పేరుతో ఆఫ్రికా గడ్డిమైదానాల్లో ఒక పెద్ద వేటపక్షి ఉంది. దాని తల వెనక పొడుగాటి నల్ల ఈకలుంటాయి. చెవి వెనక ఈక కలాలు దోపుకున్న పాతకాలపు గుమాస్తాలా ఉంటుందనే ఆ పేరొచ్చిందని చెబుతారు. చూడ్డానికి నెమ్మదిగా, హుందాగా నడుస్తుంది. పాము కనబడితే మాత్రం తన బరువుకు ఐదు రెట్ల బలంతో, మనం కన్ను ఆర్పేలోపే తన్నేస్తుంది. సెక్రటరీకి ఈ పక్షిని ఎంచుకున్నవాళ్లకి మా ఉద్యోగం బాగా తెలిసుండాలి.

మార్కెటింగ్ డైరెక్టర్ గోరీ అనే గొరిల్లాతో కలిసి వాషిమి కారిడార్‌లో నడిచొస్తుంటే రెట్సుకో నోరు తెరుచుకుని చూస్తుంది. అక్కడ నాకు నవ్వొచ్చింది. నన్ను కూడా జూనియర్లు అలాగే చూసేవాళ్లు, 'మేడమ్‌కి టెన్షనే ఉండదు' అనేవాళ్లు. లోపల ఎండీ ఫైలు విసిరికొట్టి ఉంటారు, బయట ముగ్గురు ఎదురుచూస్తుంటారు. 'పది నిమిషాల్లో పిలుస్తారండీ' అని నేను మామూలు గొంతుతో చెప్పాలి. ఆ మామూలు గొంతు తెచ్చుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. నిండు కుండ తొణకదంటారు గానీ, దాన్ని మోసే నడుం సంగతి ఎవరూ అడగరు.

యోగా క్లాసులో పరిచయమయ్యాక రెట్సుకో తన కరోకే రహస్యం వాషిమికీ గోరీకీ చెబుతుంది. సరైనవాళ్లకే చెప్పింది. నోట్లో నువ్వుగింజ నాననివాళ్లు మా ఉద్యోగంలో నెల నిలవరు.

ఒక్కచోట మాత్రం నాకు ఒప్పలేదు. పై అధికారి రెట్సుకోని వేధిస్తున్న సంగతి వాషిమి నేరుగా ప్రెసిడెంట్ దగ్గరకు తీసుకెళ్తుంది. అక్కడ ఆమె మాట చెల్లుతుంది కూడా. నేనూ ఒకసారి అలాగే చేశాను. ఒక టైపిస్టు అమ్మాయిని ఆమె మేనేజరు అందరి ముందూ తిడుతున్నాడని ఎండీ సంతకాలు పెడుతుండగా చెప్పాను. ఆయన తలెత్తకుండానే 'చూద్దాం' అన్నారు. ఏం చూశారో తెలీదు గానీ, ఆ అమ్మాయి సెలవు చీటీ రెండు నెలలు ఆ మేనేజరు టేబుల్ దాటలేదు. అక్క పెళ్లికి ముహూర్తం వేళకి వెళ్లి రాత్రికే బస్సెక్కింది. నా మీద కోపం కూడా చూపించలేదు. ఇప్పటికీ ఎప్పుడన్నా గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు.

అయినా ఆ సిరీస్‌లో సెక్రటరీ ఒక మనిషి. (పక్షే అనుకోండి.) ఆమెకు స్నేహితురాలుంది, అభిప్రాయాలున్నాయి, తెలివి ఉంది. మన కార్టూన్లలో ఆవిడకు పేరు కూడా ఉండదు.

మీ కార్టూనిస్టుగారిని సెక్రటరీ మీద జోకులు వెయ్యొద్దని అనడం లేదు. మేము చేసే పనిలో నవ్వుకోడానికి చాలా ఉంది. ఒకే రోజు, ఒకే టైముకి ఇద్దరికి అపాయింట్‌మెంట్ ఇచ్చి, ఇద్దరినీ నవ్వుతూ సాగనంపిన రోజులు నాకే ఉన్నాయి, కావాలంటే చెబుతాను. ఈసారి గీసేటప్పుడు మాత్రం ఆవిడ చేతిలో డైరీ అయినా పెట్టమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రైవేట్ సెక్రటరీ
(పేరు ప్రచురించవద్దని మనవి)