రాయగడ బైక్ మెకానిక్‌ల సంఘం వార్షిక నివేదిక: జెట్ జోలికి చివర్లో పోదాం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సిన పని ఒక్కటే, కార్బరేటర్ క్లాసులు. గాలి, పెట్రోల్ కలిపి ఇంజన్‌కి పంపే కార్బరేటర్, అందులో సన్న రంధ్రంతో పెట్రోల్‌ని కొలిచి వదిలే ఇత్తడి జెట్లు, వీటి మీదే ఆ పాఠాలు. మిగతావి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. చైత్ర పండగకి మజ్జిగౌరమ్మ గుడి దారిలో చలివేంద్రం పెట్టాం. జమాఖర్చులు కోశాధికారి గారు సభలో చదువుతారు. చందా బాకీ ఉన్నవాళ్లు ఆయన కంటపడకుండా తిరగడం మానేస్తే బాగుంటుంది.

క్లాసులు పెడదామన్నప్పుడు కుర్ర సభ్యులు నవ్వారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బళ్లన్నీ దాదాపు, కార్బరేటర్ లేకుండా పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్‌కి మారిపోయాయి, ఇంకా జెట్లెందుకని వాళ్ల వాదన. న్యాయమే. కానీ పొద్దున్నే షటర్ ఎత్తగానే మన గుమ్మం ముందు నిలబడేవి ఏవి? సంతకి మూటలు మోసే పాత స్ప్లెండర్లు, ఎప్పుడో 1996లో తయారీ ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100లు. అవి రోడ్డు మీద ఉన్నంతకాలం మన పనే.

క్లాసులకు కారణం నిజానికి ఒక మాస్టారి బండి. ఆయనకి కోరాపుట్ బదిలీ అయింది. వారం వారం లక్ష్మీపూర్ మీదుగా ఘాటీ ఎక్కి దిగుతారు. "ఏటి బావూ, కొండెక్కేటప్పుడు లాగడం లేదు, పెద్ద జెట్టు వేసీ" అంటూ వచ్చారు. స్పార్క్ ప్లగ్ విప్పితే మసి, కాటుక పెట్టుకోవచ్చు. అంటే పెట్రోల్ ఇప్పటికే ఎక్కువైంది. పెద్ద జెట్ వేస్తే ఇంకా ముంచుతుంది. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి, మార్చాల్సి వస్తే చిన్న జెట్టే వేయాలి. మనవాళ్లలో ఒకరు అప్పటికే చిన్నది చేతిలోకి తీసుకున్నారు కూడా.

అయితే లెక్క చూస్తే, కోరాపుట్ ఎత్తు సుమారు 870 మీటర్లు. అక్కడ గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే ఎనిమిది శాతం తక్కువ. మన ఊరితో పోలిస్తే తేడా ఇంకా తక్కువే. ఆ మాత్రానికి ప్లగ్ అంత నల్లబడదు. 1,672 మీటర్ల దేవమాలి కొండ మీద రోజూ తిరిగే బండైతే వేరే మాట. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీశాం. లోపల ఎర్రమట్టి, దాని మీద గడ్డి, గుడ్డ పీలికలు, మధ్యలో ఎలుక గూడు! గాలి అందకే పెట్రోల్ ఎక్కువైంది. శుభ్రం చేసి కొత్త ఫిల్టర్ వేశాం. జెట్ ముట్టుకోలేదు. మాస్టారు నెల తర్వాత ప్లగ్ చూపించారు, ఇటుక రంగుకి తిరిగింది.

క్లాసులో మొదట చేయించింది ఎక్సలేటర్ గ్రిప్‌కి తెల్ల టేపు చుట్టి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టడం. ఇంజన్ తడబడుతోందని కస్టమర్ "మిస్సింగ్" అంటే, అది ఏ గీత దగ్గరో తేలాలి. ఐడ్లింగ్ (గ్రిప్ తిప్పకుండా ఇంజన్ ఆడటం) నుంచి పావు లోపు చిన్న రంధ్రం ఉన్న స్లో జెట్, దాని పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూ పని. పావు నుంచి ముప్పావు దాకా, పైకి లేచేకొద్దీ పెట్రోల్ దారి తెరిచే సూది, అదే నీడిల్‌ది. దాని పైన పెద్ద రంధ్రం ఉన్న మెయిన్ జెట్. అంటే ఐడ్లింగ్‌లో ఆగిపోయే బండికి మెయిన్ జెట్ మార్చడం, కాలు నొప్పికి తలకి కట్టు కట్టడమే. నీడిల్ క్లిప్పు కింది గాడిలోకి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోల్ పెరుగుతుంది. పై గాడిలోకి మారిస్తే తగ్గుతుంది. స్క్రూ విప్పితే పెట్రోల్ పెరుగుతుందా, తగ్గుతుందా అన్న దగ్గర మాత్రం పెద్ద గొడవే అయింది. ఎవరి బండి వాళ్లకి నిజమే మరి: ఫిల్టర్ వైపు ఉన్న స్క్రూ గాలిది, విప్పితే లీన్, అంటే పెట్రోల్ పాలు తగ్గుతుంది. ఇంజన్ వైపున్నది పెట్రోల్‌ది, విప్పితే రిచ్, అంటే పెట్రోల్ పాలు పెరుగుతుంది.

ఇక నా సొంత తప్పు ఒకటి. పని నేర్చుకునే రోజుల్లో మూసుకుపోయిన జెట్‌లో ఇనప తీగ పెట్టి తిప్పాను. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోయింది. 1.00 మిల్లీమీటరు రంధ్రం 1.05 అయితే చాలు, వైశాల్యం పది శాతం పెరుగుతుంది. పైన అచ్చు మాత్రం 100 అనే ఉంటుంది! ఆ బండి వారం రోజులు నల్ల పొగ కక్కింది. గురువుగారు తిట్టలేదు, జెట్ ఖరీదు జీతంలో కోశారు. ఇప్పుడు నేను క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టడమే. మరీ మొండికేస్తే చేపల గాలం నైలాన్ దారం. అన్నట్టు, కెయిహిన్ కంపెనీ జెట్ అంకె, మికుని కంపెనీ జెట్ అంకె ఒకటే అయినా కొలతలు వేరు. ఒకదాని బదులు ఇంకొకటి బిగించొద్దు.

వానాకాలంలో కొత్త తలనొప్పి ఈ-20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. మామూలు పెట్రోల్ ఒక కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ-20కి సుమారు 13.5 చాలు. అందుకే పాత సెట్టింగ్‌తోనే బండి కాస్త లీన్‌గా నడుస్తుంది. ఇథనాల్‌కి నీళ్లు పీల్చుకునే గుణం కూడా ఉంది. నెల రోజులు కదలని బళ్లలో, కార్బరేటర్‌కి పెట్రోల్ నిలవుండే ఫ్లోట్ గిన్నె అడుగున నీటి బొట్లు మీలో చాలామంది చూశారు. టూ స్ట్రోక్ బండి లీన్ అయితే పిస్టన్ పట్టేస్తుంది కాబట్టి ఆర్‌ఎక్స్ 100 విషయంలో ప్లగ్ తెల్లబడుతుంటే ఊరుకోవద్దు. అలాగని వెంటనే పెద్ద జెట్ కొనకండి. ముందు కార్బరేటర్‌ని ఇంజన్‌కి కలిపే మేనిఫోల్డ్ రబ్బరు మీద నీళ్లు చల్లి చూడండి. ఇంజన్ చప్పుడు మారితే గాలి అక్కడ దొంగతనంగా దూరుతున్నట్టే.

వచ్చే ఏడాది ఇంజెక్షన్ బళ్ల క్లాసులు కూడా పెట్టాలని కమిటీ అనుకుంది. ఆ బళ్ల లోపాలు చదివే స్కానర్ కొనాలా, అద్దెకి తేవాలా అన్నది సభలో తేల్చాలి. సంఘం డబ్బుతో పార్వతీపురం నుంచి తెచ్చిన జెట్ల పెట్టెలో రెండు స్లో జెట్లు కనిపించడం లేదు. ఎవరి బండికైనా బిగించి ఉంటే సభకి ఆ బండి మీదే రండి, ఇక్కడే విప్పుకుంటాం.

ఇట్లు,
కార్యదర్శి