ఈ మధ్య ఇంట్లో చూసిన సినిమాలు
అందరికీ నమస్తే. '12 యాంగ్రీ మెన్' (1957) ఇంకా చూడనివాళ్లుంటే వెంటనే చూసేయండి. గంటన్నర సినిమా, దాదాపు అంతా ఒకే గదిలో, హత్య కేసులో నిందితుడు దోషా కాదా అని తేల్చాల్సిన జ్యూరీ సభ్యుల వాదనే. అయినా టెన్షన్ తగ్గదు. దర్శకుడు సిడ్నీ లూమెట్ కథ నడిచేకొద్దీ కెమెరాను కిందికి దించుతూ, లెన్సులు మారుస్తూ పోయాడు. అందుకే గోడలు మీదికొస్తున్నట్టుంటుంది.

అదే ఏడాది వచ్చిన మన 'మాయాబజార్' కూడా మళ్లీ పెట్టాం. పెళ్లిలో మాయా శశిరేఖగా సావిత్రి, రేలంగి కాలు తొక్కే సీన్ గమనించండి: ముఖంలో సిగ్గు, కాలిలో ఘటోత్కచుడు! రంగులద్దిన ప్రింటు మాత్రం నాకు ఎక్కలేదు, నలుపు తెలుపే బాగుంది.

ఓటీటీలో కొత్త థ్రిల్లర్ ఒకటి మొదలుపెట్టి అరగంటకే ఆపేశాం. దాని గురించి అంతే. మీరేం చూశారో చెప్పండి, సస్పెన్స్ మాత్రం విప్పకండి.