ఆ 1,800 రూపాయలు

గోపాలపట్నం,
ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

నువ్వు, అల్లుడు గారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాన్న, నేను బాగున్నాం. నాన్న మోకాలి నొప్పి కొంచెం తగ్గింది, పొద్దున్నే నడుస్తున్నారు.

నిన్న ఫోన్లో అడిగావు కదా, "20 ఏళ్ళ ఇంటి లోన్ 11 ఏళ్ళకే ఎలా తీర్చారమ్మా?" అని. నేను రెండు ముక్కలు చెప్పేలోపే నీకు ఆఫీసు ఫోన్ వచ్చింది. మధురవాడ ఫ్లాట్ కాగితాల మీద సంతకాలు పెట్టిన రోజు నుంచీ నీ గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. 45 లక్షలంటే చిన్న మాట కాదు. అంకెలు ఫోన్లో వినేకన్నా కళ్ళతో చూసుకుంటే బాగా అర్థమవుతాయి, అందుకే రాస్తున్నాను. వచ్చేవారం నాన్న అటు వచ్చినప్పుడు నా లెక్కల పుస్తకాలు కూడా పంపిస్తాను. మొత్తం 11. పన్నెండోది సగం కూడా నిండలేదు, దాన్ని నా దగ్గరే ఉంచుకున్నాను.

మనం కంచరపాలెంలో అద్దెకుండేటప్పుడు నీకు బాగానే ఊహ తెలుసు. 2012 డిసెంబర్‌లో ఈ ఫ్లాట్ కోసం 15 లక్షలు తీసుకున్నాం. 20 ఏళ్ళు, పదిన్నర శాతం వడ్డీ, నెలనెలా కట్టే ఈఎంఐ 14,976. నాన్నకి చేతికి వచ్చేది అప్పట్లో 38 వేలు. నేను బ్లౌజులు కుట్టి, చీరలకు ఫాల్స్ వేసి నెలకు ఓ మూడు వేలు సంపాదించేదాన్ని. నాన్నమ్మ మందులు, మీ ఇద్దరి చదువులు, అన్నీ అందులోనే.

మొదటి ఏడాదంతా ఒక్క నెల కూడా తప్పకుండా కట్టాం. ఏడాది చివర బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ తెచ్చుకుని చూస్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మేం కట్టింది 1,79,700 పైన. అసలులో తగ్గింది 23 వేల చిల్లర. మిగతాదంతా వడ్డీకే పోయింది. మొదటి నెల ఈఎంఐలో 13,125 వడ్డీ, అసలుకి పోయింది 1,851 మాత్రమే. ఇలాగే చివరిదాకా కడితే 15 లక్షల అప్పుకి వడ్డీయే దాదాపు 21 లక్షలు. ఆ రాత్రి నాన్నకి చెప్తే, "అందరూ కట్టేది ఇంతేగా" అన్నారు. నాకు నిద్ర పట్టలేదు.

నీదీ అంతేనమ్మా. 45 లక్షలు, 8 శాతం, 20 ఏళ్ళు అన్నావు. ఈఎంఐ 37,640 అవుతుంది. అందులో మొదటి నెల 30 వేలు వడ్డీ, అసలుకి 7,640. నీ మొదటి స్టేట్‌మెంట్ చూసి భయపడతావని ముందే చెబుతున్నాను. ప్రతి నెలా మిగిలున్న అసలు మీద వడ్డీ లెక్క కడతారు కాబట్టి మొదట్లో అలాగే ఉంటుంది. అందువల్లే మొదటి ఏళ్ళలో అదనంగా కట్టే రూపాయికి చాలా బలం ఉంటుంది. ఆ తర్వాత అదే రూపాయి కట్టినా అంత పని చేయదు.

ఆ ఏడాది చివర మేం 50 వేలు అదనంగా కట్టాం. ఆ 50 వేలు ఎక్కడివో ఇప్పుడు చెప్తాను. చీటీ పాడితే వచ్చిన 40 వేలు. కుట్టుపని డబ్బుల్లో దాచిన 8,200. ఇంకా 1,800 తక్కువైంది. 50 వేలు నిండా కట్టాలని నాకు పట్టుదల.

అప్పుడు నువ్వు తొమ్మిదో తరగతి. స్కూల్ వాళ్ళు అరకు, బొర్రా గుహలు చూపించడానికి కిరండోల్ పాసింజర్లో తీసుకెళ్తామన్నారు. మనిషికి 1,800. నేను నీతో వద్దని అనలేదు, "చూద్దాంలే" అన్నాను. నా ముఖం చూసి నువ్వే, "అరకు ఎక్కడికి పోతుందమ్మా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు" అన్నావు. నీ తోటి పిల్లలంతా స్టేషన్‌కి వెళ్తున్న పొద్దున నువ్వు మేడ మీద బట్టలు ఆరేస్తున్నావు. 2013 పుస్తకం చివరి పేజీల్లో నీకు కనిపిస్తుంది, "టూర్ మిగులు 1,800" అని నా చేత్తో రాసింది. ఇన్నేళ్ళలో ఆ పేజీ నేను మళ్ళీ తిప్పలేదు.

ఆ 50 వేలతో మా గడువులో 22 నెలలు తగ్గాయి. నా లెక్క తప్పలేదు. కానీ ఆ 1,800 లేకుండా 48,200 కట్టినా ఒక్క నెలకి మించి తేడా వచ్చేది కాదు. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. నువ్వు లోన్ తీర్చుకో, తొందరగా తీర్చుకో, కానీ రేపు నీ పిల్లల విషయంలో ఈ పని చేయకు. ఆ డబ్బు కట్టిన మరుసటి నెల నుంచీ పాత శుభలేఖ కవరు మీద "పిల్లలు" అని రాసి 300 పెట్టడం మొదలుపెట్టాను. నువ్వు ఇంటర్లో ఫ్రెండ్స్‌తో అరకు వెళ్ళింది ఆ కవరు డబ్బుతోనే.

ఆ 50 వేలు కట్టినప్పుడే ఇంకో పొరపాటు కూడా జరిగింది. నాన్న కౌంటర్లో డబ్బు కట్టి రసీదు తెచ్చారు. తర్వాతి నెల ఈఎంఐ 507 రూపాయలు తగ్గింది. ఇద్దరం సంతోషపడ్డాం. రెండు నెలలకి నాకు అనుమానం వచ్చి గడువు ఎంతుందని అడిగితే, అదే 2032 డిసెంబర్. మేమేమీ రాసివ్వలేదని వాళ్ళు ఈఎంఐ తగ్గించేశారు. మళ్ళీ లెటర్ రాసిచ్చి, ఈఎంఐ పాతదే ఉంచి గడువు తగ్గించమని పట్టుబడితే అప్పుడు మార్చారు. నువ్వు ఇలా అదనంగా పార్ట్ పేమెంట్ కట్టిన ప్రతిసారీ "ఈఎంఐ మారకూడదు, గడువు తగ్గాలి" అని రాతపూర్వకంగా ఇవ్వు. ఏ నెల ఎంత కట్టాలో చూపే కొత్త షెడ్యూల్ చేతికొచ్చేదాకా ఊరుకోకు. వడ్డీ రేటు తగ్గినప్పుడూ ఇంతే, పాత ఈఎంఐయే కడుతూ ఉండు. మాకు రేటు తగ్గిన ఏళ్ళలో పైసా అదనంగా పెట్టకుండానే గడువు కరిగింది. ఫ్లోటింగ్ రేటు, అంటే వడ్డీ రేటు మారుతూ ఉండే హోమ్ లోన్ ముందుగా తీరిస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది. కాబట్టి ఆ భయం పెట్టుకోవద్దు.

ఇక హుద్‌హుద్ తుఫాను. అది నువ్వూ మర్చిపోవు. 2014 సెప్టెంబర్‌లో నాన్న బోనస్, నేను దాచింది కలిపి 35 వేలు లోన్‌కి కట్టేశాం. నాకు ఎంత గర్వంగా ఉందో. మూడు వారాలు తిరక్కుండానే అక్టోబర్ 12, ఆదివారం. కిటికీ అద్దాలు పగిలి హాల్లోకి నీళ్ళు వచ్చేస్తుంటే నువ్వూ తమ్ముడూ నాన్నమ్మను వంటింట్లో కూర్చోబెట్టుకుని పట్టుకున్నారు. మర్నాడు బయటికొస్తే ఊళ్ళో చెట్టు అన్నది నిలబడిలేదు. కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయవు, పాల ప్యాకెట్ ఎంతంటే అంత, పెట్రోలుకి చాంతాడంత క్యూ. ఇంట్లో ఉన్నది 2,300 రూపాయలు. కిటికీలకి, తడిసిన ఫ్రిజ్‌కి, నాన్నమ్మ మందులకి కావాల్సింది 30 వేలు. నా గొలుసు తాకట్టు పెట్టాం, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి. అంటే ఏడాదికి 24 శాతం. పదిన్నర శాతం వడ్డీ తప్పించుకుందామని కట్టి, 24 శాతానికి అప్పు తెచ్చుకున్నాం. ఆ గొలుసు విడిపించుకోవడానికి ఏడు నెలలు పట్టింది.

ఆ తర్వాత నాన్నా నేనూ ఒట్టు పెట్టుకున్నట్టే అనుకున్నాం, మూడు నెలల ఖర్చు, మూడు ఈఎంఐలు విడిగా డిపాజిట్‌లో ఉండేదాకా లోన్‌కి అదనంగా ఒక్క రూపాయి కట్టకూడదని. అలా జమ చేయడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాది లోన్ నత్తనడక నడుస్తుంటే నాకు ప్రాణం విలవిల్లాడేది, అయినా ఆగాం. 2020లో లాక్‌డౌన్ వచ్చి నాన్నకి సగం జీతమే ఇచ్చినప్పుడు ఆ డిపాజిట్టే ఈఎంఐలు కట్టింది. మార్చి నుంచి ఆగస్టు దాకా ఈఎంఐలు వాయిదా వేసుకోవచ్చని మారటోరియం ఇచ్చారు, చాలామంది తీసుకున్నారు. కట్టని నెలల వడ్డీ మళ్ళీ అసలులో కలుస్తుందని తెలుసు కాబట్టి మేం తీసుకోలేదు. మీ ఇద్దరూ ప్రైవేటు ఉద్యోగాలు, మీకు ఆరు నెలలది ఉండాలి. ముందు అది చూసుకోండి.

ఇంటి ఖర్చు సంగతి పుస్తకాల్లో ఉంది, అన్నీ రాయను. జీతం రాగానే ఈఎంఐ పోను మిగిలింది కవర్లలో సర్దేదాన్ని: పాలు, కిరాణా, గ్యాస్, కరెంటు, ఫీజులు, మందులు, చదివింపులు. ఒక కవరు ఖాళీ అయితే ఇంకో దాంట్లోంచి తీయొచ్చు, కానీ ఎందులోంచి తీశానో రాయాలి. రాస్తుంటే చెయ్యి దానంతటదే వెనక్కి తగ్గేది. మన పక్కింటి పిన్ని, కింద పోర్షన్ అక్క, నేను కలిసి నెలకోసారి పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి బియ్యం బస్తా, నూనె డబ్బా, పప్పులు తెచ్చి మూడిళ్ళకి పంచుకునేవాళ్ళం. కూరలు రైతు బజార్లో వారానికి రెండుసార్లు. నాన్నకి చేప లేనిదే ఆదివారం గడవదు కదా, వంజరం మానేసి కానాగంతలు, కవళ్ళు వండేదాన్ని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు చేప ధర కొండెక్కుతుంది. అందుకని మార్చిలోనే ఎండు నెత్తళ్ళు కొని డబ్బాలో పెట్టేదాన్ని. నువ్వు వంకాయలో వేస్తే ఇష్టంగా తినేదానివి.

అయినా నిజం చెప్పాలంటే కూరల్లో, చేపల్లో మిగిలింది కొంచెమే. లోన్‌ని తీర్చింది జీతం పెరుగుదల. నాన్నకి ఇంక్రిమెంట్ వచ్చిన ప్రతిసారీ పెరిగినదాంట్లో సగం లోన్‌కి, సగం ఇంటికి. 1,600 పెరిగితే 800 లోన్‌కి. పెరిగిన డబ్బు ఇంట్లో అలవాటు కాకముందే తీసేశాం కాబట్టి ఎవరికీ లోటు తెలియలేదు. మీకు ఇద్దరి జీతాలు. ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టినా నీ 20 ఏళ్ళ లోన్ 17 ఏళ్ళ లోపే తీరుతుంది. దానికి కష్టపడనక్కర్లేదు.

కొన్నిటి జోలికి పోవద్దు. పాలు తగ్గించకు. ఒంట్లో బాగోకపోతే వాయిదా వేయకు. నేను పంటి నొప్పిని లోన్ కోసమని ఆరు నెలలు ఓర్చుకున్నాను. 800తో అయ్యేది రూట్ కెనాల్‌కి 6 వేలయింది. మీ అత్తగారికి పంపేది ఎప్పుడూ పంపేంతే పంపు. లోన్ పేరు చెప్పి అల్లుడు గారిని అటూ ఇటూ నలిపేయకు. లెక్కల పుస్తకం ఇద్దరూ కలిసి రాసుకోండి. నాన్న మొదట్లో విసుక్కునేవారు. తర్వాత తర్వాత స్టేట్‌మెంట్ రాగానే ఆయనే ఎర్ర పెన్ను తీసుకుని వడ్డీ కాలమ్ కింద గీత గీసేవారు.

ఆఫీసులో ఎవరో "లోన్ ఉంటే టాక్స్ తగ్గుతుంది, తీర్చేయొద్దు" అన్నారని చెప్పావు. నాన్నకీ అదే చెప్పారు. ఆయన పది శాతం పన్ను పరిధిలో ఉండేవారు. అంటే వంద వడ్డీ కట్టి పది రూపాయల పన్ను తప్పించుకోవడం. ఇక మీరు కొత్త పన్ను విధానంలో ఉన్నామన్నారు. సొంతంగా ఉండే ఇంటికి అందులో వడ్డీ మినహాయింపే లేదు. ఆ మాట పక్కన పెట్టండి.

2024 ఫిబ్రవరిలో చివరి కంతు కట్టాం. అప్పటికి కొత్త రూల్ వచ్చింది, లోన్ పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు ఇవ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేలు ఇవ్వాలి. మాకు మూడు వారాల్లో ఇచ్చారు. నాన్న కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూశారు, పాత యజమానుల లింక్ డాక్యుమెంట్లతో సహా. బాకీ లేదని నో డ్యూస్ లెటర్ తీసుకుని, తనఖా రద్దు చేయించి, ఇంటి మీద తనఖాలేమైనా ఉన్నాయేమో చూపే ఈసీ తీయించి చూసుకున్నాకే ఆయనకి కుదురు చిక్కింది. ఆ సాయంత్రం ఇద్దరం సింహాచలం వెళ్ళి దర్శనం చేసుకొచ్చాం.

వచ్చే ఆదివారం వీలు చేసుకుని మీరిద్దరూ రండి. నీ లోన్ షెడ్యూల్ ప్రింట్ తీసుకురా, ముగ్గురం కూర్చుని చూద్దాం. కానాగంతల పులుసు పెడతాను. పుస్తకాలు నీకు అందాక ఆ 2013 పేజీ దగ్గర ఒక కవరు కనిపిస్తుంది. అందులో 1,800 ఉన్నాయి. నువ్వు వద్దంటావని తెలుసు, కానీ తీసుకో.

ఆశీస్సులతో,
అమ్మ