అంబాసిడర్‌లో ఇసుజు ఇంజన్: ఫౌండేషన్ రబ్బర్ల సంగతి

కోవెంట్రీ, ఆదివారం

చిన్నాయనకు నమస్కారాలు.

మీరు పంపిన ఫొటోలు, మెకానిక్ మస్తాన్ భాయ్ రాసిచ్చిన ప్రశ్నలు అందినాయి. మార్క్ 4 బాడీ అడుగున తుప్పు లేదంటే సగం పని అయినట్టే. పాత 1489 సీసీ బ్లాకు పగిలింది కాబట్టి ఇసుజు 1800 పెట్రోలు ఇంజను, దాని 5 గేర్ల బాక్సు కలిపి వేద్దామన్న ఆలోచన బాగుంది. ఇంగ్లండులో మోరిస్ సామాన్లు దొరుకుతాయి కదా, ఫౌండేషన్ రబ్బర్లు (ఇంజన్‌కు, బాడీకి మధ్య వణుకును మింగే రబ్బరు దిమ్మెలు) పంపమన్నారు. దొరికే మాట నిజమే. అంబాసిడర్‌కు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్, దాని బి-సిరీస్ ఇంజన్‌కు ఇక్కడ ఇంకా కొత్త రబ్బర్లు వస్తున్నాయి. కానీ అవి మీరు తీసేస్తున్న ఇంజన్‌వి, మీకెందుకు? మీకు కావలసినవి చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారులో వెతకాలి.

హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే 1990ల్లో ఈ ఇసుజు ఇంజన్‌ను అంబాసిడర్‌లో కూర్చోబెట్టి 1800 ఐఎస్‌జెడ్ అని అమ్మినారు. అంటే కొలతల తలనొప్పి ఫ్యాక్టరీ వాళ్లు ఎప్పుడో పడేసినారు. అట్లాంటి బండి స్క్రాపుకు వచ్చి ఉంటే రబ్బర్లు మాత్రం అడగొద్దండి. ఇంజన్‌కు బిగిసిన రెండు బ్రాకెట్లు, అవి కూర్చునే కింది సీట్లు, గేర్‌బాక్సు కింది అడ్డపట్టీ, దాని రబ్బరు, బోల్టులతో సహా సెట్టుగా తీసుకోండి. ఇంజను ఇంకా బండిలోనే ఉంటే విప్పకముందే టేపు పెట్టి మూడు కొలతలు రాసుకోండి: క్రాంకు పుల్లీ మధ్య నుంచి కింది క్రాస్‌మెంబర్‌కు (బాడీ అడుగున ఉండే అడ్డదూలానికి) ఎత్తు, పుల్లీ ముఖం నుంచి రేడియేటరుకు దూరం, గేర్‌బాక్సు తోక నుంచి పైన ఫ్లోరుకు ఎత్తు. ఆ మూడంకెలు కొత్త రబ్బర్ల కంటే విలువైనవి.

హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల ఇంకో కారు కాంటెస్సా ఇంజను చవగ్గా వస్తుందని ఎవరైనా అంటే జాగ్రత్త. ఇంజను ఇసుజునే, బాడీ మాత్రం వాక్స్‌హాల్ విక్టర్ వంశం. దాని బ్రాకెట్లు, ఛాంబరు (ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టి) ఆ బాడీ కోసం చేసినవి. ఛాంబరు లోతు ఉన్న చోటు మీ క్రాస్‌మెంబర్ మీదికి వస్తుందా, స్టీరింగు ర్యాకుకు తగులుతుందా అని చూసుకోకుండా డబ్బు కట్టొద్దు.

సెట్టు దొరక్కపోతే బ్రాకెట్లు మనమే చేయాలి. మన షెడ్లలో ఇక్కడే వరస తప్పుతుంది. ముందు రబ్బరు కొంటారు, దానికి తగ్గట్టు బ్రాకెట్ కట్ చేస్తారు, ఇంజను ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది. తర్వాత ఫ్యాను రేడియేటరును గీస్తుంది, గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు కొట్టుకుంటుంది. ముందు ఇంజను ఉండాల్సిన చోటు తేలాలి. రబ్బరు చివర్న.

బండి నాలుగు చక్రాల మీద నేల మీద ఉండాలి. జాకీ మీద లేపితే వెనక కమాన్లు వేలాడి, డిఫరెన్షియల్ పినియన్ (వెనక ఇరుసులో ప్రొపెల్లర్ షాఫ్టు బిగిసే పళ్లచక్రం) వాలు తప్పు చూపిస్తుంది. ఇంజను, గేర్‌బాక్సు కలిపి చైన్ బ్లాకుతో దించి చెక్క దిమ్మెల మీద ఆనించండి. ఛాంబరుకు, క్రాస్‌మెంబర్‌కు మధ్య కనీసం 20 మి.మీ., ఫ్యానుకు రేడియేటరుకు మధ్య 25, సైలెన్సర్ మ్యానిఫోల్డ్ నుంచి స్టీరింగు కాలమ్‌కు 25. ఇంజను ఊగే వస్తువు, ఆగి ఉన్నప్పుడు కనిపించే సందు అంతా సందు కాదు. బ్రేకు గట్టిగా వేస్తే ముందుకు కూడా జరుగుతుంది, ఫ్యాను దగ్గర పొదుపు పనికిరాదు.

వాలు సంగతి. గేర్‌బాక్సు తోక కొంచెం కిందికి, సుమారు 3 డిగ్రీలు. ఇసుజు మ్యానిఫోల్డ్ మీద కార్బ్యురేటరు కూర్చునే ముఖానికి స్పిరిట్ లెవెల్ పెడితే ఒక ఆధారం దొరుకుతుంది. మామూలుగా ఇంజను సరైన వాలులో ఉన్నప్పుడు అది మట్టంగా వచ్చేటట్టు చేస్తారు. తర్వాత గేర్‌బాక్సు తోకకు, వెనక పినియన్‌కు ఉన్న వాలు కొలవండి, ఫోనులో యాంగిల్ యాప్ చాలు. రెండు షాఫ్టులూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, తేడా 1 డిగ్రీ దాటకూడదు. దాటితే ప్రొపెల్లర్ షాఫ్టు ఒక చుట్టుకు రెండు సార్లు కొడుతుంది. చాలామంది దాన్ని రబ్బరు తప్పనుకుని మళ్లీ రబ్బర్లు మారుస్తారు! అట్లాగని ప్రొపెల్లర్ షాఫ్టు రెండు కొనల్లో మడిగే క్రాసుల దగ్గర వాలు సున్నా కూడా వద్దు. కొంచెమైనా కదలకపోతే సూది బేరింగులు ఒకే చోట తిని గాడి పడతాయి. షాఫ్టు పొడవు మారుతుంది, ఎట్లాగూ కొత్తగా కట్ చేయాలి. స్ప్లైన్ (గేర్‌బాక్సులోకి జారే గాళ్ల కొన) పూర్తిగా లోపలికి నెట్టి అక్కడి నుంచి 20-25 మి.మీ. బయటికి వచ్చిన పొడవు పెట్టుకుని, బ్యాలెన్సింగ్ చేయించండి.

చోటు తేలినాక రబ్బరు. లెక్క కోసం ఇంజను, గేర్‌బాక్సు కలిపి 180 కిలోలనుకోండి. పావు వంతు వెనక రబ్బరు మీద పోయినా, ముందు ఒక్కో దాని మీద 65-70 కిలోలు. నాలుగు సిలిండర్ల ఇంజను క్రాంకు చుట్టుకు రెండు సార్లు వణుకుతుంది, అంటే 800 ఆర్‌పీఎం ఐడ్లింగులో సెకనుకు సుమారు 27 సార్లు. ఆ వణుకు బాడీకి ఎక్కకూడదంటే ఇంజను బరువుకు రబ్బరు 2 నుంచి 3 మి.మీ. దిగాలి. 1 మి.మీ. కూడా దిగలేదంటే మరీ బిరుసు, సిగ్నలు దగ్గర ఆగితే అద్దాలు గలగలలాడతాయి. రబ్బరు గట్టిదనం కొలిచే షోర్-ఏ లెక్కలో 50-60 సరిపోతుంది. మీటరు లేకపోతే స్కూటరు టైరు మీద గోరు గుచ్చి చూసి, దానికంటే ఇంకొంచెం దిగే రబ్బరు తీసుకోండి. పాలీయూరిథేన్‌వి (రబ్బరు కంటే బిరుసైన ప్లాస్టిక్ రకం) రేసు బండ్లకు వదిలేయండి. లోపల ద్రవం పోసిన కొత్త కాలం హైడ్రాలిక్ మౌంటింగులు కూడా వద్దు. అవి ఒక బండి బరువుకు, ఒక దిక్కుకు చేసినవి.

మస్తాన్ భాయ్ అడిగిన అసలు ప్రశ్న: ఎప్పుడూ ఎడమ పక్క రబ్బరే ఎందుకు పోతుంది? ముందు నుంచి చూస్తే క్రాంకు గడియారం ముల్లు దిక్కున తిరుగుతుంది, ఇంజను దానికి ఎదురు దిక్కున ఒరుగుతుంది. కాబట్టి బండిలో కూర్చున్నవాళ్లకు ఎడమ పక్క లేస్తుంది, కుడి పక్క నొక్కుకుంటుంది. ఈ ఇంజను 13 కేజీ-మీటర్ల టార్కు (తిప్పే బలం) ఇస్తుందనుకుందాం. మొదటి గేరులో అది మూడున్నర రెట్లయితే సుమారు 45. రెండు రబ్బర్ల మధ్య దూరం 40 సెం.మీ. ఉంటే ఒక్కో పక్క 110 కిలోల పైచిలుకు. ఎడమ దాని మీద ఉన్న 65 కిలోల బరువు పోయి, పైకి 45-50 కిలోల లాగుడు మిగులుతుంది. రబ్బరు నొక్కుడుకు ఓర్చుకుంటుంది, లాగుడుకు ఇనప పలక నుంచి ఊడుతుంది. రివర్సులో ఇదే కుడి పక్కకు మారుతుంది. మనుషులతో నిండిన బండి మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు క్లచ్ వదిలిన ప్రతిసారీ జరిగేది ఇదే.

అందుకే రబ్బరు ఊడినా ఇంజను లేవకుండా పట్టుకునే రకం చూడండి, అంటే రెండు ఇనప పలకలూ ఒకదాన్నొకటి కొక్కెంలా చుట్టుకున్నవి. 1971లో అమెరికాలో జనరల్ మోటార్స్ సుమారు 67 లక్షల షెవర్లే బండ్లను వెనక్కి పిలిచింది దీనికే. రబ్బరు తెగి ఇంజను లేస్తే యాక్సిలరేటరు లింకు లాగి ఇరుక్కుపోయే ప్రమాదం. మామూలు బిళ్ల రకమే దొరికితే ఎడమ పక్క ఒక చిన్న గొలుసో, ఇనప కేబులో 10 మి.మీ. వదులుతో కట్టేయండి. రెండు రబ్బర్లూ నేల మీద పడుకోబెట్టకుండా 30-45 డిగ్రీల వాలులో ఎదురెదురుగా పెడితే ఇంకా మంచిది. అప్పుడు రబ్బరు కొంత నొక్కుడు, కొంత జారుడు పంచుకుంటుంది.

కొనేటప్పుడు స్క్రూడ్రైవరు కొనతో రబ్బరు, ఇనుము అతికిన అంచును మెల్లగా ఎత్తి చూడండి. డూప్లికేటు అక్కడే దొరికిపోతుంది. పాత స్టాకు "ఒరిజినల్" అని గొప్పగా చూపిస్తారు, కొంచెం వంచితే సన్నని చీలికలు కనిపిస్తే వదిలేయండి. రబ్బరుకు వయసు డబ్బాలో ఉన్నా వస్తుంది.

బ్రాకెట్లకు ఇంజను వైపు 6 మి.మీ. ప్లేటు, మూలల్లో ఆనుగా త్రికోణపు పలకలు తప్పనిసరి. కింది వైపు 5 చాలు. రబ్బరు పెట్టి వెల్డింగ్ చేయొద్దు, వేడికి అతుకు పోతుంది. దాని బదులు ఇనప గొట్టం ముక్క పెట్టండి. దాని ఎత్తు ఖాళీ రబ్బరు ఎత్తు కాదు, బరువు పడినాక ఎత్తు. 45 మి.మీ. రబ్బరు 3 దిగితే గొట్టం 42. సైలెన్సర్ పక్క రబ్బరుకు రేకు అడ్డం పెట్టండి. పైన ఆయిలు కారుతుంటే ముందు అది ఆపండి, సహజ రబ్బరు నూనెకు ఉబ్బి మెత్తబడుతుంది.

బోల్టుల దగ్గర ఒక గోల ఉంది. పాత బాడీ వైపు అంగుళాల మరలు, ఇసుజు వైపు మిల్లీమీటర్లు. 3/8 బోల్టు 9.5 మి.మీ., అది 10 మి.మీ. నట్టులో వదులుగా ఎక్కినట్టే ఎక్కి బిగించేటప్పుడు మర కొరుకుతుంది. రెండు డబ్బాల్లో విడివిడిగా పెట్టమనండి. అన్నీ చేత్తో ఎక్కించి, చైను వదిలి, ఇంజన్‌ను నాలుగు సార్లు ఊపి, అప్పుడు బిగించాలి. లేకపోతే రబ్బరు మెలి తిరిగి ఉండిపోతుంది.

ఇంజన్ నుంచి బాడీకి ఎర్త్ పట్టీ మరవద్దు. రబ్బరు కరెంటును ఆపుతుంది. పట్టీ లేకపోతే స్టార్టరు కరెంటు చోక్ కేబులు గుండా పోయి దాన్ని కాల్చేస్తుంది.

పని అయినాక హ్యాండ్ బ్రేకు, కాలి బ్రేకు రెండూ గట్టిగా పట్టి, చక్రాలకు దిమ్మెలు పెట్టి, మొదటి గేరులో క్లచ్ కొంచెం వదలమనండి. మీరు పక్కనుంచి చూడండి, ముందు నిలబడొద్దు. ఎడమ పక్క 10-12 మి.మీ. లేస్తే ఫరవాలేదు, 20 దాటితే రబ్బరు మెత్తన. 500 కిలోమీటర్ల తర్వాత బోల్టులు ఒకసారి మళ్లీ బిగించాలి.

ఆర్టీఓ పని ముందే మొదలుపెట్టండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద అనుమతి, మార్చిన 14 రోజుల్లో సమాచారం, ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు. పుదుపేటలో కొన్న ఇంజన్‌కు బిల్లు, పాత బండి ఆర్‌సీ కాపీ లేకుండా తేవద్దు.

క్రాస్‌మెంబర్ మీద పాత రబ్బరు సీట్ల మధ్య దూరం, బోల్టు రంధ్రాల సైజు కొలిచి, స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి పంపండి. ఇంజను కొనకముందు దాని ఛాంబరు ఫొటో కూడా, కింది నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. చిన్నమ్మకు నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ రవి