ఒక పికాచూ కార్డు గురించీ, అంతకన్నా ఎక్కువగా మీ కస్టమర్ కేర్ గురించీ ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం అధిపతి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం మీదాకా వస్తుందన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. మీ యాప్‌లో మీ పేరు లేదు, ఈమెయిల్ లేదు, అసలు మీరనే మనిషి ఒకరున్నారన్న ఆనవాలే లేదు. 'మమ్మల్ని సంప్రదించండి' నొక్కితే ప్రశ్నలు-జవాబుల పేజీ వస్తుంది. ఆ పేజీ చివర 'ఇంకా సందేహాలున్నాయా? మమ్మల్ని సంప్రదించండి' అని ఉంటుంది. అది నొక్కితే మళ్లీ మొదటికే. అందుకే మీ బిల్లు మీద చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసిన అడ్రసుకి స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ చేయించి పంపుతున్నాను. దీన్ని ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోక తప్పదు కదా.

అసలు విషయం చిన్నది. పోకెమాన్ ఆట కార్డుల్లో 1999 నాటి మొదటి సెట్, అంటే బేస్ సెట్ పికాచూ, 58/102 (ఆ సెట్‌లోని 102 కార్డుల్లో 58వది), మీ దగ్గర ఆర్డర్ పెట్టాను. వచ్చింది 2016లో వేసిన ఎవల్యూషన్స్ సెట్‌లోది, 35/108. పాత కార్డు పోలికలతో వేసిన కొత్త కార్డు. గోదాములో ఎవరో ఒక డబ్బాలోంచి తీయాల్సింది పక్క డబ్బాలోంచి తీసి ఉంటారు. మనుషులన్నాక జరుగుతుంటాయి, దాని మీద నాకు కోపం లేదు. మొదటి మెసేజ్‌లోనే ఆ మాట రాశాను, 'తొందరేం లేదు, వీలు చూసుకుని మార్చండి' అని కూడా రాశాను. ఆ ఒక్క మాటనే మీవాళ్లు ఇంత శ్రద్ధగా అమలు చేస్తారనుకోలేదు.

ముందు మీ యాప్‌లో ఆ ఇరవై నాలుగు గంటలూ నవ్వే చాట్‌బాట్ బొమ్మ ఉంది చూశారా, దానితో మొదలైంది. 'మీ సమస్య ఎంచుకోండి' అంది. వస్తువు రాలేదు, వస్తువు పగిలింది, సైజు సరిపోలేదు. అంతే. అడిగింది కాకుండా ఇంకోటి పంపడమనేది మీ కంపెనీలో జరగనే జరగదన్నమాట. ఆ కార్డులు ఎప్పుడు వేసినవైనా 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి, సైజు సరిపోకపోవడానికి అదేమైనా చొక్కానా? వేరే దారి లేక అదే నొక్కాను. వెంటనే 'మీ కొలతలు పంపండి' అని వచ్చింది.

బొమ్మని దాటుకుని మనిషి దాకా వెళ్లడానికి నాకు చాలా ఓపిక పట్టింది. 'నేను అడిగిన కార్డు కాకుండా వేరే కార్డు వచ్చింది' అని స్పష్టంగా రాశాను. 'అయ్యో సార్, ఒక్క నిమిషం' అని చెల్లింపుల విభాగానికి పంపేశారు. అక్కడి అమ్మాయి చాలా మర్యాదగా మీ కార్డు మీద అంకెలు చెప్పండి అంది. 35/108 అని చెప్పాను. 'ఇది చెల్లదు సార్, వెంటనే బ్లాక్ చేయించుకోండి' అంది. మర్యాదలో మాత్రం ఆ అమ్మాయికి వంక పెట్టలేను. మీ సంస్థలో నాతో పూర్తి వాక్యాల్లో మాట్లాడింది ఆమె ఒక్కతే.

తర్వాత వచ్చినాయన ఫోటోలు అడిగారు. ముందు వైపు, వెనక వైపు, అడుగున నంబర్ కనబడేలా దగ్గరగా ఒకటి. పంపాను. మళ్లీ అడిగారు. మళ్లీ పంపాను. ఆ తర్వాత వచ్చినావిడ ముందు పంపినవి తమకి కనబడటం లేదని మొదటి నుంచి మొదలుపెట్టింది. చివరికి 'పార్సిల్ విప్పుతున్నప్పుడు తీసిన వీడియో ఉందా సార్' అన్నారు. లేదు. తప్పు కార్డు వచ్చిందని పార్సిల్ విప్పాక కదా తెలిసేది! ముందే అనుమానపడి కెమెరా పెట్టుకుని కూర్చునే రకం అయితే మీ దగ్గర కొనేవాణ్నే కాదు.

ఇంక ఒక ఏజెంట్ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి ప్రయోజనం లేదు. ఆయన ఫోటోలు నిజంగానే చూశారు, అది మెచ్చుకోవాలి. నా పాత పికాచూకి హెచ్‌పీ 40, వచ్చినదానికి 60. ఆయన అన్నమాట యథాతథంగా రాస్తున్నాను: 'సార్, మీరు నలభైది అడిగితే మేం అరవైది పంపాం, మీకే లాభం కదా.' నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది బరువు కాదు, తూకంలో ఎక్కువ వేశామని చెప్పడానికి. ఆటలో ఎన్ని దెబ్బలకి తట్టుకుంటుందో చెప్పే అంకె. నేను ఆడటానికి కొనలేదు, దాచుకోవడానికి కొన్నాను. ఇదంతా ఓపిగ్గా వివరించి చెప్పాక, 'మీ విలువైన సలహాకి ధన్యవాదాలు' అని టికెట్ క్లోజ్ చేశారు.

పై అధికారితో మాట్లాడించమని పట్టుబడితే ఒక సీనియర్ గారు లైన్లోకి వచ్చారు. 'రెండింట్లోనూ ఉన్నది పికాచూయే కదండీ' అని తేల్చేశారు. కళ్లజోడు మార్చుకోమంటే ఎవరి కళ్లజోడో తెచ్చిచ్చి, ఇందులోనూ అద్దాలే ఉన్నాయి కదా అనడం ఇలాగే ఉంటుంది. ఆ తర్వాత ఆయనే, గొంతు కొంచెం తగ్గించి, 'అంత ఖరీదైంది కూడా కాదు కదా సార్, వదిలేయండి' అన్నారు.

అక్కడ మండింది నాకు. సార్, ఖరీదైనవి కొనను అని నేను పెట్టుకున్న నియమమే అది. 1997-98ల్లో జపాన్‌లో బొమ్మలు గీసే పోటీ గెలిచినవాళ్లకి ఇచ్చిన పికాచూ ఇలస్ట్రేటర్ కార్డు ఒకటి 2021లో 52 లక్షల డాలర్లు దాటి పలికింది. అలాంటిది నా జోలికి రాదు, నేను దాని జోలికి వెళ్లను. నావన్నీ అడుగున చిన్న నల్ల చుక్క ఉండే మామూలు కార్డులు. చుక్క అంటే కామన్, డైమండ్ గుర్తు అన్‌కామన్, నక్షత్రం ఉంటే రేర్. బేస్ సెట్ పికాచూది చుక్కే. ఇందులో ఉన్న సుఖమేంటంటే, సరదాగా సేకరించుకుంటూ పోవచ్చు. మిత్సుహిరో అరితా గీసిన ఆ తొలినాటి బొద్దు పికాచూ ఒక ముచ్చట. అదే కార్డులో బుగ్గలు ఎర్రగా ఉన్నవి కొన్ని, పసుపుగా ఉన్నవి కొన్ని, రెండూ పక్కపక్కన పెట్టుకోవడం ఇంకో ముచ్చట. ఎర్ర బుగ్గలది నా దగ్గర ఉంది. మీ దగ్గర అడిగింది పసుపు బుగ్గలది. అంచులు కాస్త అరిగినా పర్లేదని అరిగినదే ఎంచుకున్నాను కూడా, చవగ్గా వస్తుందని. కార్డులు దాచే తొమ్మిది అరల షీటులో దాని అర ఖాళీగా అలాగే ఉంచాను.

మీరు పంపిన 35/108 చెడ్డ కార్డేం కాదు. అది నా దగ్గర ఎప్పట్నుంచో ఉంది. మీ దగ్గరే కొన్నాను. మీ రికార్డుల్లో చూడండి, అవి చూసే అలవాటు ఉంటే.

చూస్తే ఇంకా చాలా కనబడతాయి. మీ యాప్ పెట్టిన కొత్తలో, దాంట్లో సగం పేజీలు తెరుచుకోనప్పటి నుంచి నేను కొంటున్నాను. స్లీవ్‌లు (కార్డు తొడుగులు) మీ దగ్గరే, టాప్‌లోడర్లు (గట్టి ప్లాస్టిక్ కవర్లు) మీ దగ్గరే, బైండర్లు మీ దగ్గరే. కార్డుల పిచ్చి ఉన్న నా స్నేహితులందరినీ మీ దగ్గర చేర్పించింది నేనే. నన్ను మీరు గోల్డ్ మెంబర్ అంటారు. పుట్టినరోజుకి మెయిల్ పంపిస్తారు, 'మీరు మా కుటుంబ సభ్యులు' అని. కుటుంబంలో ఎవరైనా ఒక మాట అడిగితే 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం' అని పాట పెట్టి వెళ్లిపోతారా? ఆ పాట నాకు కంఠతా వచ్చేసింది. మీవాళ్లెవరైనా మర్చిపోతే అడగండి, పాడి వినిపిస్తాను.

ఈమధ్య కొత్త పద్ధతి మొదలైంది. ఒక్క రింగ్ ఇచ్చి కట్ చేస్తారు. ఫోన్ చేతిలో ఉన్నా ఎత్తేలోపు ఆగిపోతుంది. మరుక్షణం 'మిమ్మల్ని సంప్రదించడానికి ప్రయత్నించాం, మీ నుంచి స్పందన లేనందున ఫిర్యాదు ముగిస్తున్నాం' అని మెసేజ్. తిరిగి చేస్తే ఆ నంబర్ 'ఇన్‌కమింగ్ కాల్స్ స్వీకరించదు'. దాని వెనకే, మా సేవ మీకు నచ్చిందా, అయిదు నక్షత్రాలు ఇవ్వండి అని ఇంకో మెసేజ్. ఒక నక్షత్రం ఇచ్చి కారణం రాయబోతే, కారణం రాసే పెట్టెలో వంద అక్షరాలకి మించి పట్టవట. ఈ ఉత్తరం పొడుగ్గా ఎందుకుందో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

నేను అడిగిన పసుపు బుగ్గల 58/102 ఉంటే పంపండి, లేకపోతే డబ్బు వెనక్కివ్వండి, మీది మీరు తీసుకెళ్లండి. అది ఎలాగూ చేయాల్సిందే. కానీ ఇప్పుడు నాకు అదొక్కటే చాలదు. స్పందన లేదని నా ఫిర్యాదు మూసేసింది ఎవరో, ఏ రూలు ప్రకారమో రాసి పంపాలి. పంపిన ఫోటోలన్నీ ఎటుపోయాయో చెప్పాలి. ఆ సీనియర్ గారు తన మాట వెనక్కి తీసుకోవాలి. మళ్లీ ఆ నవ్వే బొమ్మతో జవాబు పంపితే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. అంత చవక కార్డు కోసం కేసా అని నవ్వుకుంటారేమో, నవ్వండి. మీ చాట్‌లన్నీ స్క్రీన్‌షాట్లు తీసి తేదీలవారీగా పెట్టుకున్నాను. కార్డుల్ని సెట్ నంబర్ల వరసలో పేర్చుకునేవాడికి అదొక లెక్క కాదు. నేను చేర్పించిన స్నేహితులకి కూడా అవన్నీ ఒక్కొక్కటే చూపిస్తున్నాను. ఇద్దరు ముగ్గురు ఇప్పటికే యాప్ తీసేశారు.

జవాబు ఇచ్చేది ఎవరైనా సరే, కింద 'కస్టమర్ హ్యాపీనెస్ టీమ్' అని కాకుండా సొంత పేరు రాసి సంతకం పెట్టండి.

ఇట్లు,
ప్రస్తుతానికి ఇంకా మీ గోల్డ్ మెంబర్