సచివాలయ టవర్లకు తెరుచుకునే కిటికీలుంటాయా?

సంపాదకులకు,

అమరావతి సచివాలయ టవర్ల పనుల గురించి మీ పత్రికలో వచ్చే వార్తలు వదలకుండా చదువుతున్నాను. ఎన్ని అంతస్తులు, ఎన్ని కోట్లు అన్నది ప్రతిసారీ ఉంటుంది. నాక్కావలసిన ముక్క మాత్రం కనబడదు: వాటి కిటికీలు తెరుచుకుంటాయా?

ఇదేం ప్రశ్న అనుకోకండి. నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి. చివర్లో మా బ్రాంచిని కొత్త అద్దాల భవనంలోకి మార్చారు. మే నెలలో ఏసీ మొరాయిస్తే అంతే సంగతులు, అంతా బిగించేసిన అద్దమే. వీధి తలుపుకు పాత లెడ్జరు అడ్డం పెట్టి తెరిచి ఉంచేవాళ్లం. పింఛను కోసం వచ్చిన పెద్దవాళ్లు పాస్‌బుక్కులతో విసురుకుంటూ కూర్చునేవారు. మా క్యాషియరు చెమట నోట్ల మీదే కారేది.

నిరుడు ఫ్రాంక్‌ఫర్టులో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు కామర్జ్‌బ్యాంక్ ప్రధాన కార్యాలయం చూశాను. 1997లో పూర్తయిన 56 అంతస్తుల భవనం, ఎత్తు 259 మీటర్లు. అంత ఎత్తులోనూ ఉద్యోగి తన గది కిటికీ తెరుచుకోవచ్చు! బయట ఒక అద్దం పొర, దాని వెనక తెరుచుకునే కిటికీ. గాలి ఆ రెండింటి సందులోంచి వస్తుంది కాబట్టి నేరుగా మొహాన కొట్టదు. భవనం త్రికోణం. రెండు వైపుల ఆఫీసులు, మూడో వైపు నాలుగంతస్తుల ఎత్తున తోట. పైకి వెళ్లేకొద్దీ ఆ తోట ఒక్కో ముఖానికి మారుతూ పోతుంది, మొత్తం తొమ్మిది తోటలు. నడిమధ్య కింది నుంచి పైదాకా ఖాళీ, మన మండువా లోగిలిలాగా. లిఫ్టులు, మెట్లు మూలలకు నెట్టేశారు. లోపలి వైపు కూర్చున్నవాళ్లకూ వెలుతురు అందుతుంది.

దాన్ని డిజైన్ చేసింది నార్మన్ ఫాస్టర్. అమరావతి ప్రభుత్వ భవనాలకు డిజైన్లు ఇచ్చిందీ ఆయన సంస్థే. అందుకే అడుగుతున్నాను.

అది చలి దేశం, మన రోహిణి కార్తెకు ఆ పద్ధతి పనికిరాదంటారు. నిజమే, మే నెలలో ఏసీ లేకుండా కుదరదు. కానీ దీపావళి నుంచి శివరాత్రి దాకా కృష్ణ ఒడ్డున గాలికి కరవా? గచ్చిబౌలి అద్దాల మేడల కరెంటు బిల్లు వాళ్ల సొంత గొడవ. సచివాలయం బిల్లు కట్టేది మనం.

అద్దాలు బిగించాక అడిగి లాభం లేదు. ఈ టవర్లలో కిటికీలు ఎన్ని తెరుచుకుంటాయో, ఏసీ ఆగితే గాలి ఎటునుంచి వస్తుందో రాజధాని నిర్మాణం చూసే సీఆర్‌డీఏ ఇంజినీర్లు మీ పత్రిక ద్వారా చెప్పాలని కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, తెనాలి