చిన్నాకి, సత్యనారాయణపురం నుంచి

చిరంజీవి చిన్నాకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో వాస్కో వస్తున్న మావయ్య స్నేహితుడి చేత డబ్బా పంపుతున్నాం. పైన సున్నుండలు, అడుగున గోంగూర. సీసా మూతకి గుడ్డ కట్టాను, నిలబెట్టి తియ్యి. పని గట్టుకుని ఉత్తరం రాయాల్సిన సంగతులేం లేవు. పదహారు రోజులుగా నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నా, అంతే.

కాలువలు కట్టేశారు, ఎండలు మండుతున్నాయి. పెద్దక్క ఇంటికి రంగులేయిస్తోంది. మొన్న గుణదల మావయ్య వచ్చి, నీకు బయటిదేశం ఫుట్‌బాల్ క్లబ్బు నుంచి పిలుపొచ్చిందనీ, మోకాలు వాచినా ఎవరికీ చెప్పడం లేదనీ అన్నాడు. ఆయన మాటల్లో సగం గాలికి పోయేవే అనుకో. కుడిదా, ఎడమదా?

వెళ్లొద్దనడం లేదురా. మన ఇండియా డిఫెండర్ సందేశ్ జింగన్ 2021లో క్రొయేషియా వెళ్లలేదూ? అక్కడి షిబెనిక్ క్లబ్బు తరఫున ఒక్క మ్యాచ్ ఆడకముందే ప్రాక్టీసులో దెబ్బతిని, సంక్రాంతి నాటికి కలకత్తా జట్టుకి తిరిగొచ్చేశాడు. అంతకుముందు 2019లో మోకాలు పోయి ఆ సీజనంతా కూర్చున్నాడు. ఫార్వర్డ్ ఒకరోజు కుంటితే గోల్ రాదు, అంతే. వెనకాల గోల్ కాసే స్టాపర్ కుంటితే మన మీద గోల్ పడుతుంది.

తప్పు నాదేనేమో కూడా. స్టేడియం నుంచి స్కూటర్ మీద తెచ్చేటప్పుడు నీకు జకార్తా కథ ఎన్నిసార్లు చెప్పానో. 1962 ఏషియాడ్. థాయ్‌లాండ్‌తో ఆడుతూ మన స్టాపర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. అయినా సెమీఫైనల్లో దిగాడు, గోల్ కొట్టాడు. ఫైనల్లో మళ్లీ దిగి మళ్లీ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1, బంగారు పతకం! నేనక్కడ ఆపేసేవాణ్ణి. నువ్వేమో ఇంటికి రాగానే తలకి తువ్వాలు చుట్టుకుని గోడకేసి హెడింగులు, మీ అమ్మ అట్లకాడ పట్టుకుని నీ వెనక. ఏడో క్లాసులో మోచెయ్యి విరిగితే మూడ్రోజులు ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కు తిరిగావు. అప్పుడే తెలియాల్సింది నాకు.

నేను మింగేసిన ముక్క ఒకటుంది. ఆ గాయం సంగతి జట్టు కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్‌కి తెలుసు. తెలుసు గనకే వెనకాల పెట్టకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి తోశాడు. జర్నైల్ దాచుకుని ఉంటే ఆ ఎత్తు ఆయనకి తట్టేదా? మీ కోచ్‌కి చెప్పు. సంతకానికి ముందు అక్కడి వాళ్లు చేసే మెడికల్‌లో ఎలాగూ బయటపడుతుంది, అదేదో నీ నోటితో ముందే తెలియనీ. ఎమ్మారై తీయించు. కాగితం మావయ్యకి కాదు, నాకు పంపు.

ఉపన్యాసం అయిపోయింది, చూశావా. నీ గది మూడో అంతస్తు అన్నావు కదా, కింద ఏదైనా ఖాళీ ఉందేమో అడుగు. సున్నుండలు మొదటిరోజే జట్టంతటికీ పంచెయ్యకు.

అమ్మకి మోకాలి మాట నేను చెప్పలేదు. అయినా డబ్బాలో ఓ పక్కన నువ్వులనూనె సీసా పెట్టింది, ఎందుకని అడిగితే జవాబు చెప్పలేదు.

ఫోన్ ఎత్తు.

నాన్న